తాళం వేసిన ఇంట్లో మారిన వైఫై పేరు

మా అక్కా నేనూ కలిసి దోషమని మూసిపెట్టిన ఇంటి తాళం తీశామని పదిమంది ముందు అన్నారు. మేము తీయలేదు.

ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, అంతా విన్నాక కూడా "ముసలాయన ఏదో దాస్తున్నాడు" అనేవాళ్ళు ఉన్నారు. నేను ఏదీ దాచను. దయ్యాలనూ భూతాలనూ ఏనాడూ ఒప్పుకోలేదు. నా బడి చదువు ఐదో తరగతితో ఆగింది. ఆ తర్వాత చేవెళ్ళలో రేడియోలు విప్పి బిగిస్తూ, వాటితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుతూ నా అంతట నేనే నేర్చుకున్నాను. రేడియో గరగరమంటే లోపల టంకం ఊడిందని అర్థం, ఎవరి ఆత్మో వచ్చిందని కాదు. జీవితమంతా అందరికీ ఇదే చెప్పాను.

మా అక్క అనసూయ, బావ నర్సిరెడ్డి. ఇల్లు మొయినాబాద్‌లో. వాళ్ళకు పిల్లలు లేరు. పక్క ఇంట్లో బావ తమ్ముడు యాదిరెడ్డి కుటుంబం. బావ బతికుండగానే ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకున్నాడు. కంపెనీ మనుషులు వచ్చి తీగ లాగి, రూటర్ పెట్టెను అక్క చేతిలో పెట్టి, సెట్టింగ్ చేయడానికి ఇంకొకరు వస్తారని చెప్పి పోయారు. ఆ ఇంకొకరు రానేలేదు. నేను ఫోన్ చేసి గట్టిగా అడిగితే, "మీ ఇంట్లో చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా, సార్?" అన్నది అటువైపు అమ్మాయి. ఒళ్ళు మండిపోయింది. మరునాడు చేవెళ్ళలో బస్సెక్కి నేనే వెళ్ళాను.

బావ ఆ డబ్బాను ఇనుప బీరువాలో పెట్టమన్నాడు, దొంగల భయానికి. ఇనుము మధ్యలో పెడితే అది పని చేయదని చెప్పి, వీధి వైపు కిటికీ పక్కన, గోడకు ఎత్తుగా బిగించాను. పెట్టెలో వచ్చిన పసుపురంగు వైరుతో నా పాత ల్యాప్‌టాప్‌కు కలిపి సెట్టింగులు తెరిచాను. ఆ సెట్టింగుల్లోకి వెళ్ళే పాస్‌వర్డ్ మార్చాను, అది నాకొక్కడికే తెలుసు. ఇంకో పని కూడా చేశాను. వైఫై పేరు గానీ దాని పాస్‌వర్డ్ గానీ మార్చాలంటే ఆ వైరు పెడితేనే వీలయ్యేలా, ఫోన్ నుంచి వైఫై ద్వారా ఎవరూ మార్చలేకుండా చేశాను. నేను ఏ పని చేసినా అట్లాగే చేస్తాను.

చివరికి వైఫైకి పేరు పెట్టే దగ్గరికి వచ్చింది.

"ఏం పేరు పెడ్తున్నవ్ బామ్మర్ది?" అన్నాడు బావ.

"అక్క పేరు. కనెక్షన్ అక్క పేరు మీదనే ఉన్నది గదా."

"ఇల్లు కట్టింది నేను, పేరు మీ అక్కదా? నర్సిరెడ్డి ఇల్లు అని కొట్టు."

వంటింట్లోంచి అక్క అందుకున్నది. "గేటు మీద పేరున్నది, ట్రాక్టర్ మీద పేరున్నది, బోరు కాడ గూడ రాయించుకుంటివి. ఇగ గాలి మీద గూడ కావాల్నా?"

బావ పగలబడి నవ్వాడు. అక్క కరివేపాకు కోసం పెరట్లోకి వెళ్ళగానే నా చెవి దగ్గరికి వంగి, పాస్‌వర్డ్ అయినా తన ఇష్టప్రకారం పెట్టమన్నాడు. ట్రాక్టర్ కొన్నప్పుడు అమ్మేసిన తెల్ల ఎద్దు పేరు ముత్యం. అది పెట్టమన్నాడు.

"అక్షరాలు సరిపోవు బావా. ఇంకా పొడుగుండాలె."

"అయితె రెండుసార్లు కొట్టు. ముత్యం ముత్యం. రెండుసార్లు పిలిస్తెనే వచ్చేది అది."

నేను నవ్వి, పేరు అక్కదీ, పాస్‌వర్డ్ నాకు తోచిందీ పెట్టాను. వైరు చుట్టి పెట్టెలో వేసి, పెట్టెను బీరువా మీద పెట్టి, భోజనం చేసి వచ్చేశాను.

ఆ ఎండాకాలమే బావ పోయాడు. గేటు దగ్గర కూలబడ్డాడు, దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. పోయిన నక్షత్రం మంచిది కాదని, ఆరు నెలలు ఇల్లు వదలాలని పంచాంగం చూసిన అయ్యగారు చెప్పాడు. మా వైపు ఇది ఇప్పటికీ ఉన్నది. ఎంత చదువుకున్నవాళ్ళైనా, ఎంత పెద్ద ఇల్లైనా వదిలేసి పోతారు. నాకు ఇందులో నమ్మకం లేదు. కానీ ఇల్లు అక్కది, దుఃఖం అక్కది. మూటలు కట్టడంలో నేనూ ఒక చేయి వేశాను.

కర్మ చేసిన మనిషే తాళం వేయాలి. కొడుకులు లేరు కనుక యాదిరెడ్డి చేశాడు. తాళం వేసి, దానికి పసుపు గుడ్డ చుట్టి, ఎద్దుల కాడికి కట్టే ముడి వేసి, కొసను లోపలికి దోపాడు. గడపకు అడ్డంగా ముళ్ళకంప పెట్టాడు. తాళంచెవి అక్క కొంగున కట్టుకున్నది. ఎదురుగా, వీధికి అవతల, ఒక గది కిరాయికి తీసుకున్నాం.

ఆ గదిలో ఫోన్‌కు సిగ్నల్ సరిగా అందదు. కానీ ఇంట్లో ఉన్న వైఫై వీధి దాటి అక్కడికి చక్కగా వస్తుంది. అందుకే కరెంటు మెయిన్ బంద్ చేయొద్దని, రూటర్‌ను అట్లాగే ఉండనివ్వమని అన్నాను. యాదిరెడ్డి కూడా అడ్డు చెప్పలేదు. "దీపం పెట్టొద్దన్నరు గని డబ్బా పెట్టొద్దనలె గదా" అన్నాడు.

రోజూ పొద్దున అక్క ముఖం కనిపించేలా ఫోన్ చేసేది. "తిన్నవా తమ్మీ?" అని అడిగేది. అంతకు మించి మాటలు ఉండేవి కావు. ఒంటరి మనిషికి అదే పెద్ద ఆసరా.

ఒకనాడు ఆ ఫోన్ రాలేదు. కాసేపటికి మామూలు ఫోన్ వచ్చింది, గరగరలాడుతూ.

"తమ్మీ, వైఫైల నా పేరు పోయింది. మీ బావ పేరు కనవడుతున్నది."

నేను వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. వీధిలో నిలబడి నా ఫోన్ తీసి చూశాను. అక్క పేరు లేదు. "నర్సిరెడ్డి ఇల్లు" అని ఉన్నది, ఇంగ్లీషు అక్షరాల్లో. ముళ్ళకంప కదలలేదు. పసుపు గుడ్డ అట్లాగే ఉన్నది. కిటికీలకు ఇనుప చువ్వలు, వెనక తలుపుకు లోపలి గడియ.

గదిలో మంచం మీద కూర్చుని, నేను పెట్టిన పాస్‌వర్డ్ కొట్టాను. తీసుకోలేదు. రూటర్ కింద అతికించిన కంపెనీ పాస్‌వర్డ్ గుర్తుంది, అదీ కొట్టాను. తీసుకోలేదు. ఆ తర్వాత నా వేళ్ళు ఏం కొట్టాయో మీకు చెప్పనక్కర్లేదు. ముత్యం, రెండుసార్లు. వెంటనే కలిసింది.

"పడ్డదా?" అన్నది అక్క.

"పడ్డది."

"ఏం కొట్టినవ్?"

చెప్పాను. అక్క వీధికి అవతల ఉన్న ఇంటి వైపు తిరిగింది. "ఆ ఎద్దును అమ్మిన దినం ఆయన అన్నం ముట్టలే" అన్నది.

నాకు మాత్రం అనుమానం లేదు. కంపెనీవాళ్ళు ఆఫీసులో కూర్చుని తీగ వెంట మన రూటర్‌ను మార్చగలరు. ఆ సంగతి చదివి తెలుసుకున్నాను. ఇది వాళ్ళ నిర్వాకమే. అక్కడికక్కడే ఫిర్యాదు పెట్టాను.

ఆ వారంలోనే యాదిరెడ్డి మనవడు బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంకేముంది, నింద మా అక్క మీదికి వచ్చింది. దోషం తీరకముందే ఇల్లు తెరిచారు కాబట్టే ఇట్లా జరిగిందన్నాడు యాదిరెడ్డి. పెద్దమనుషులను కూర్చోబెట్టి, ఆరు నెలలు మళ్ళీ మొదటి నుంచి లెక్క పెట్టాలని, అంతవరకు తాళంచెవి తన దగ్గర ఉండాలని అడిగాడు. భూముల రేట్లు మండిపోతున్న మొయినాబాద్‌లో ఈనాడు ఇంటి తాళంచెవి చేతులు మారితే మళ్ళీ వెనక్కి వస్తుందా? పిల్లలు లేని ఆడమనిషి ఇంటిది మరీనూ.

"వదినె పోయింది లోపలికి. లేదంటె తమ్మున్ని పంపింది. మా అన్న లేసొచ్చి పేరు మార్చుకున్నడా?" అన్నాడు.

"కంపెనోళ్ళు వాళ్ళ ఆఫీసుల కూసొని మార్చిన్రు" అన్నాను.

"అట్లనా! మరి నువ్వు కొడితె పడ్డ పాస్‌వర్డ్ ఏంది బావా? జర అందరికి చెప్పు."

దాచేది ఏమున్నదని చెప్పేశాను. యాదిరెడ్డి చప్పట్లు కొట్టి నవ్వాడు.

"కంపెనోళ్ళకు మా అన్న ఎద్దు పేరు గూడ ఎరికనా?"



అక్క కొంగు ముడి పట్టుకుని లేచి నిలబడింది. "యాదీ, ముడి ఏసింది నువ్వు. ఇల్లు తెరిసే దినం నీ ముడి నువ్వే సూడు. అది నీది గాదంటె చెవి నీ చేతులనే పెడ్త. ఆ ఇంటి దిక్కు మళ్ళ చూడ" అన్నది. పెద్దమనుషులు సరేనన్నారు.

మిగిలిన ఆ నెలలు అక్క ఎట్లా గడిపిందో నేను చూశాను. పేరంటాలకు పిలవడం మానేశారు. పాలు పోసే ఆమె కూడా గిన్నె గుమ్మం బయటే పెట్టమనేది. అటు కంపెనీ నుంచి జవాబు వచ్చింది. "మార్పు వినియోగదారుడే చేసుకున్నాడు" అని ఒకటే వాక్యం. నా మాట అబద్ధమని దాని అర్థం. తప్పు ఒప్పుకుంటూ వాళ్ళు రెండు ముక్కలు రాస్తే అక్క మీద నింద పోతుంది. ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టాను, వాళ్ళ ఇంగ్లీషు కంటే మంచి ఇంగ్లీషులో.

ఇల్లు తెరిచే రోజు వచ్చింది. పొద్దున్నే అందరూ చేరారు. యాదిరెడ్డి ముళ్ళకంప తీసి పక్కన పడేసి, తాళం మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. వానకు తడిసి, ఎండకు ఎండి గుడ్డ అట్టలా బిగుసుకుపోయింది. కొస లోపలికి దోపి ఉన్నది. గోళ్ళతో విప్పబోయాడు, రాలేదు.

"నా ముడే" అన్నాడు.

కొడవలితో కోయాల్సి వచ్చింది.

తలుపు తీస్తే హాలంతా ఒకటే దుమ్ము. మా దగ్గర వెంచర్ల కోసం మట్టి లారీలు తిరుగుతూనే ఉంటాయి, కిటికీల సందుల్లోంచి ఎర్రటి దుమ్ము పడుతూనే ఉంటుంది. గోడ వెంట బల్లి పాకిన గీత తప్ప ఆ దుమ్ములో అడుగు జాడ లేదు. రూటర్ మీదా దుమ్మే, దాని వెనక పచ్చ లైటు నిలకడగా వెలుగుతున్నది. యాదిరెడ్డి గడప దగ్గరే ఆగిపోయాడు.

"పదిమంది ముందు అన్నవ్. పదిమంది ముందె తీస్కో ఆ మాట" అన్నాను.

"తప్పైంది వదినె. ఇల్లు నీది, చెవి నీది. మల్ల ఎవ్వడన్న అడిగితె నన్ను పిలువు" అన్నాడు. నా వైపు మాత్రం చూడలేదు. నాకు అది అక్కర్లేదు.

అక్క లోపలికి వచ్చింది. నేను బీరువా మీద నుంచి రూటర్ వచ్చిన అట్టపెట్టె దించాను. పసుపు వైరు దాంట్లోనే ఉన్నది, నేను చుట్టిన చుట్టుతోనే. దాంతో ల్యాప్‌టాప్‌కు కలిపి చూశాను. నా పాస్‌వర్డ్‌తోనే సెట్టింగులు తెరుచుకున్నాయి. ఎవరైనా సూది గుచ్చి రూటర్‌ను మొదటికి తెచ్చి ఉంటే అది పోయేది. నేను చేసినవన్నీ చేసినట్లే ఉన్నాయి. పేరు, దాని పాస్‌వర్డ్, ఆ రెండే మారాయి.

వెనక్కి మార్చబోతే అక్క చేయి పట్టుకుంది. "ఉండనీ తమ్మీ. ఒక్కటే అడిగిండు, అది గూడ ఇయ్యకపోతిమి."

అక్క ఇప్పుడు ఆ ఇంట్లోనే ఉంటున్నది. పొద్దున ఫోన్ చేస్తున్నది. ఆమెకు ఏ భయమూ లేదు. నాకూ భయం లేదు, కోపం ఉన్నది. నన్ను అబద్ధాలకోరును చేసిన కంపెనీ చేత నిజం రాయించాలని, పెద్ద ఆఫీసుకు మళ్ళీ రాశాను. మార్చింది మీరే, ఒప్పుకోండి, ఎవరి చేత్తో మార్చారో చెప్పండి అని అడిగాను. నాకు తెలిసిన విద్యలో ఇంకో దారి లేదు. దయ్యాలు ఉన్నాయని నేను ఈనాటికీ అనను. ఇది మాత్రం ఎట్లా జరిగిందో చెప్పలేను.

వాళ్ళ జవాబు మొన్న వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని, ఒక్క మాట కూడా వదలకుండా తెలుగులో పెడుతున్నాను.

"గౌరవనీయులైన వినియోగదారునికి. మీ ఫిర్యాదును పూర్తిగా పరిశీలించాము. మీరు తెలిపిన రోజున మా కార్యాలయం నుంచి మీ రూటర్‌లోకి ఎవరూ ప్రవేశించలేదు. పేరు, పాస్‌వర్డ్ మార్పు మీ ఇంటి లోపలి నుంచి, రూటర్‌కు వైరుతో కలిపిన పరికరం ద్వారా, సరైన పాస్‌వర్డ్‌తో జరిగింది. ఇంతకు మించిన వివరాలు మా వద్ద లేవు. దయచేసి ఆ సమయంలో ఇంట్లో ఉన్నవారిని అడిగి తెలుసుకోగలరు."