బండిజాడ

బండిజాడ ఎక్కడ కనిపించినా కెటూరా గౌను అంచు ఎత్తి దాటేది, తొక్కేది కాదు. అమెరికాలో పడమటికి బండ్ల బిడారుతో వలస వస్తూ ఉండగా ఆమె మూడేళ్ళ కూతురు జ్వరంతో పోయింది. తోడేళ్ళు తవ్వకుండా దారి మధ్యనే పాతిపెట్టి, పైనుంచి బండ్లన్నీ నడిపించారు. ఆ చోటు మళ్ళీ తల్లికి కూడా దొరకలేదు. "ఒరెగాన్‌కి వచ్చి పదేళ్ళయిందే, ఇంకా మేకపిల్లలా గెంతుతావేం?" అనేవాడు భర్త ఆసా.

ఒక సాయంత్రం వాన వెలిశాక, వాకిట్లోని బండిజాడలో ఒక్కచోట పచ్చిక మొలిచి ఉంది. మధ్యాహ్నం అక్కడ ఉన్నది బురదే. దాని పొడవు సరిగ్గా మూడేళ్ళ పిల్లంత.

"వానకి గడ్డి మొలవదటే?" అన్నాడు ఆసా. తలమీది టోపీ మాత్రం తీశాడు.

"ఒక్క పూటలోనా?" అంది ఆమె.

మర్నాడు పొద్దున్నే కెటూరా వాగులోంచి రాళ్ళు మోసుకొచ్చి పచ్చిక చుట్టూ పేర్చింది. ఆ తరవాత, తొలిసారి జాడలో కాలుపెట్టి, దాని పక్కన కూర్చుంది.