కాగితం మీద పడని వేలిముద్ర

దయ్యాలంటే నాకు నవ్వే. పదేళ్లుగా ఏసుప్రభువును నమ్ముకున్నవాడినే కానీ, సూచనలు, దర్శనాలు అని చెప్పేవాళ్లను చూస్తే మా సంఘంలో కూడా నాకు ఒళ్లు మండేది. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడిని, కంటికి కనబడిందే నమ్ముతాను.

ఇంట్లో ప్రార్థన పెట్టి మతం మారుస్తున్నానని మా వీధివాళ్లు ఫిర్యాదు చేశారు. రిమాండు మీద సబ్ జైలుకు పంపారు. అక్కడి వార్డరు రోజూ నా బైబిలు మీద చెప్పుల కాలు పెట్టి, "పిలువు నీ దేవుణ్ణి" అని నవ్వేవాడు. పదకొండు రోజులు పంటి బిగువున ఓర్చుకున్నాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం మా కులపెద్ద ములాఖత్‌కు వచ్చాడు. ఆరేళ్ల నా కూతురికి డెంగ్యూ అట, ఆసుపత్రిలో నన్నే అడుగుతోందట. ఏసును విడిచిపెట్టానని రాసిన కాగితం, ఇంకు ప్యాడు బయటికి తీశాడు.

"సంతకమైతే రేపు కాదంటవ్. ఏలిముద్ర ఎయ్యి. జమానతు నేనుంట. పొద్దుగాల బిడ్డ కాడ ఉంటవ్."

నేను ఆలోచించలేదు. బొటనవేలు ఇంకులో అద్ది గట్టిగా ఒత్తాను. కాగితం మీద ఏమీ పడలేదు.

మళ్లీ ఒత్తాను. మూడోసారి పెద్దమనిషే నా వేలు పట్టుకుని నొక్కాడు. వేలినుంచి నీలి ఇంకు కారుతోంది, ముద్ర మాత్రం లేదు. వార్డరు తన వేలు అద్ది కాగితం వెనక ఒత్తి చూశాడు. గీతలతో సహా పడింది.

"ఏలికి మైనం రాసినవా? బిడ్డ సావుబతుకుల్ల ఉంటె నాటకాలా?" అని పెద్దమనిషి వెళ్లిపోయాడు. వార్డరు నా చేతివేళ్లు వాచేదాకా లాఠీతో కొట్టాడు.

మర్నాడు నా బిడ్డ పోయింది. బెయిలు వచ్చేసరికి పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది.

సంఘంలో ఇప్పుడు నన్ను విశ్వాసవీరుడంటారు. నేను ఒప్పుకున్నానయ్యా, వేలు ఒత్తానయ్యా అంటే పాస్టరుగారు అది నా వినయం అనుకున్నారు. నా భార్యకూ చెప్పాను.

"పెద్దమనిషి ఆ కాగితం నాకు సూపిచ్చిండు. నీ ముద్ర లేదు. బిడ్డ కంటె నీకు ఏసే ఎక్కువైండు" అంది.

అది దేవుడి పనే అనుకుంటే భయం వేస్తుంది. కాదంటే మరేమిటో నాకు తెలియదు. ప్రార్థన మాత్రం మానలేకపోయాను.

నెలనెలా రేషన్ షాపులో మిషన్ మీద ఆ వేలే పెడతాను. మొదటిసారికే పడుతుంది. నా భార్య పక్కన నిలబడి చూస్తుంది.