రాగుల గదిలో ఎండ

మట్టీ ఎండా లేకుండా, నీళ్ల తొట్లలో మెంతికూర పెంచడానికి సేలం అంగళ్లలో ఇరవై కరెంటు దీపాలు పరీక్షించి ఒకటి ఎంచినాను. మా ఇంటామె రాగుల మూటల గదిని నలభై రోజుల గడువుతో ఇచ్చింది. ఆలోగా పప్పులోకి పిడికెడు ఆకు రాకపోతే మూటలు లోపలికి, నా తొట్లు వీధిలోకి.

నిజం చెప్పాలంటే చూసింది రెండే దీపాలు, తెల్లదీ ఊదాదీ. తిరునాళ్ల పందిరిలా వెలుగుతోందని ఊదాది తెచ్చినాను. దాని కింద ఆకేదో పురుగేదో తెలియక, తిరిగిచ్చి తెల్లది తెచ్చినాను. యాభై ఏండ్లు సేద్యం చేసినవాణ్ణి, సూర్యుడు ఎంత ఎత్తునుంటాడో నాకు తెలీదా? దీపాన్ని పైన దూలానికి కట్టినాను. వెలుగు అందక మొలకలు దారాల్లా సాగి పడిపోయినాయి. మళ్లీ విత్తనం వేసి, బాగా ఆలోచించి, దీపాన్ని తొట్టికి జానెడు దూరానికి దించినాను. గడువు లోపలే ఆకు వచ్చింది.

ఇదంతా మొరప్పూరు నుంచి వచ్చిన బావమరిదికి చెబుతుంటే, పక్కనే ఆ మెంతాకు తుంచుతున్న మా ఇంటామె అందుకుంది.

"ఆలోచించింది ఎప్పుడయ్యా? నువ్వు మధ్యాన్నం నిద్రపోతుంటే బట్టలారేసే తాడు కట్టి నేను దించినాను. లేచి, దీపం ఎవరు చెడగొట్టినారని అరిచినావు."