బాపు కాలిలోంచి తీసిన పోగు

నేను రాట్నం మీద నూలు కండెలు చుడితే పోగు తెగదని బాపు వాడంతా చెప్పుకునేవాడు. ఆ మంచి పేరే నా ప్రాణం మీదికి తెచ్చింది.

మాది హుస్నాబాద్ దిక్కు ఊరు, సాలెల వాడ. ఒక ఎండాకాలం బాపు చీలమండ దగ్గర పొక్కు లేచింది. నిప్పు పెట్టినట్టు మంట. ఆ మంటకు ఓర్చుకోలేక బాపు పొద్దున్నే దిగుడుబావికి పోయి, మోకాలి లోతు నీళ్లలో నిలబడేవాడు. పానం హాయిగా ఉందనేవాడు. పక్క మెట్టు మీద అవ్వ, అంటే మా అమ్మ, నేను బిందెలు ముంచుకునేవాళ్లం. వాడలో కాలు మండిన వాళ్లంతా అదే పని చేసేవాళ్లు, తప్పని ఎవరికి తోస్తుంది?

పొక్కు పగిలి తెల్లటి పురుగు కొస బయటపడింది. నారికురుపు. అచ్చం తడిపిన నూలుపోగులా ఉంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి రోజూ కాస్త కాస్తగా లాగాలి. జోరు చేస్తే తెగుతుంది, లోపల మిగిలిన ముక్క కాలును చెడగొడుతుంది. మా పెదబాపుకు అట్లాగే తెగింది. ఆయన మోకాలు మళ్లీ చాపలేకపోయాడు. ఆయన మగ్గం గుంతలో కోళ్లు పడుకునేవి. గుంతలో దిగి మగ్గం తొక్కే కాళ్లు ఆడకపోతే మా ఇళ్లలో పొయ్యి వెలగదు.

అవ్వ పుల్ల పట్టుకుని, మళ్లీ కింద పెట్టింది. "నాతోని కాదు. పోరి చెయ్యి మెత్తన, దానికియ్యి" అంది.

బాపు కాలు నా ఒడిలో పెట్టాడు. "నూలే అనుకో బిడ్డా. జర మెల్లగ."

నూలు తెగితే ముడేస్తాం. దీన్ని ఏం చేస్తాం? నేను లాగుతుంటే లోపలి నుంచి అది కూడా నన్ను లాగుతున్నట్టు ఉండేది. ఊపిరి బిగబట్టి ఒక చుట్టు తిప్పేదాన్ని. ఇక ఆ రోజంతా అన్నం సయించేది కాదు.

చివరికి పురుగు మొత్తం ఊడొచ్చింది. తెగలేదు. బాపు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పుండు మానగానే గుంతలో దిగాడు.

తర్వాత సర్కారు దవాఖానా నుంచి ఒకాయన వచ్చాడు. కురుపు లేచిన కాలు బావిలో పెడితే పురుగు పిల్లలు నీళ్లలో కలుస్తాయట. ఆ నీళ్లు తాగినవాళ్లకు ఏడాది తిరిగేసరికి బయటపడుతుందట. బట్టతో వడగట్టి తాగమన్నాడు. ఇంటినిండా బట్ట నేసేవాళ్లం, బిందె మూతికి పేలిక కట్టాలని తోచలేదు! అవ్వ ఆ రోజే కొత్త గుడ్డ మడతలు పెట్టి కట్టింది. కట్టి, ఆయన వైపు తిరిగింది.

"మరి గిప్పటిదాక తాగినయి ఎట్ల సారూ?"

"దానికి మందు లేదమ్మా" అంటూ ఆయన లేచాడు.

అప్పటి నుంచి పొద్దున లేవగానే నా పాదాలు తడిమి చూసుకునేదాన్ని. దోమ కుట్టినా అదేనేమో అనుకునేదాన్ని. ఎవరితోనూ అనలేదు. అంటే నిజమవుతుందని భయం.

మళ్లీ ఎండలు ముదిరాయి. రాట్నం ముందు కూర్చుంటే మడమ పైన మండడం మొదలైంది. బావికి పోతానని ఎంత ఏడ్చినా అవ్వ గడప దాటనియ్యలేదు. ఆ మంటతోనే ఇంట్లో పడి దొర్లాను.

పొక్కు పగిలిన రోజు బాపు మగ్గం ఆపి గుంతలోంచి లేచి వచ్చాడు. నా కాలు ఒడిలో పెట్టుకుని పుల్ల అందుకున్నాడు. పోగు కొసను పుల్లకు తగిలించబోతే రెండుసార్లు జారింది. అవ్వ వైపు చూశాడు. అవ్వ మొహం తిప్పుకుంది.

"మా చేతులు పనికిరావు బిడ్డా" అన్నాడు బాపు. "నువ్వే చుట్టుకోవాలె."

పుల్ల నా చేతికిచ్చాడు.