కాగితం మారితే చొక్కా మారదు

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. వీధిలో అందరికీ ఆయన లిఫ్టాయనే. ఎక్కడ లిఫ్టు ఆగిపోయినా ఆ చీకటి గోతిలోకి ఇనుప నిచ్చెన పట్టుకుని దిగాలి. ఇప్పుడేమో కుడి మోకాలు వంగనంటోంది. ఇక నిచ్చెనలు ఎక్కొద్దన్నాడు డాక్టరు. చెప్పడానికి డాక్టరుకేం పోయింది? కంపెనీలో మిగిలిన దారి ఒక్కటే. లిఫ్టును నడిపించే కంట్రోల్ బోర్డులు సరిచేసే గదిలో కూర్చుని చేసే పని. దానికి సీ భాషలో చిన్న ప్రోగ్రాములు రాయడం రావాలి. సోమవారం పరీక్ష. ఎవరి లాప్‌టాప్ వాళ్లే తెచ్చుకుని, అక్కడే రాసి నడిపించి చూపాలి. రాకపోతే మళ్లీ నిచ్చెనే, ఆ మోకాలితోనే.

నేను బట్టలు కుడతాను. ముందుగదిలో ఒక మూల నా మిషను, దానికెదురుగా ఆయన బల్ల. కాబట్టి ఆయన పడ్డ పాట్లన్నీ నా కళ్లముందే జరిగాయి. చూస్తూ ఊరుకునే రకం కాదు నేను.

ముందు కంపైలర్ పెట్టుకోవడమే ఓ గండం. మనం రాసినదాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చి ఇచ్చేది అదేనట. పెట్టారు. తీరా పిలిస్తే, అలాంటిదేదీ ఇక్కడ లేదంది లాప్‌టాప్. అది ఏ ఫోల్డర్లో ఉందో దారి కూడా మనమే చెప్పాలని తెలిసేసరికి ఒక ఆదివారం హరించుకుపోయింది. తల ప్రాణం తోకకొచ్చింది, ఆయనకే కాదు, నాక్కూడా.

తర్వాత మొదలైంది అసలు తంటా. తెరమీద "తలుపు మూస్తున్నాను" అని వచ్చే ప్రోగ్రాం రాశారు. వచ్చింది. ఆయన మొహం వెలిగిపోయింది. "మూస్తున్నాను" తీసేసి "తెరుస్తున్నాను" అని మార్చి నడిపించారు. మూస్తున్నాననే అంది. మళ్లీ సరిచూసి సేవ్ చేశారు. మళ్లీ అదే మాట. లిఫ్టు పనిలో ఇలా ఉండదు, స్క్రూ తిప్పితే తలుపు అప్పటికప్పుడే మాట వింటుంది. ఇది వినకపోయేసరికి కంపైలరే పాడైందని తీర్మానించి, పీకేసి మళ్లీ పెట్టారు. ఫలితం లేదు. మళ్లీ పీకారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది వ్యవహారం.

పరీక్షకు ముందురోజు, ఆదివారం సాయంత్రం నేనొక చొక్కా కత్తిరిస్తున్నాను. ఆయన లాప్‌టాప్ మూత ఠపీమని మూసి, దీనికన్నా నిచ్చెనే నయం అన్నారు. ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. కత్తెర పక్కన పడేసి, అసలేం చేస్తున్నారో నాకోసారి చూపించమన్నాను. నీకేం తెలుస్తుందని గొణుగుతూనే చూపించారు. రాసేది ఒక ఫైల్లో, నడిపించేది ఇంకో ఫైలు.

"ఈ రెండోది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"మొదటిసారి కంపైలర్ తయారుచేసిచ్చింది."

"మాట మార్చాక మళ్లీ తయారుచెయ్యమని చెప్పారా?"

ఆయన ఆ రెండు ఫైళ్లనూ మార్చి మార్చి చూశారు.

"నేను కాగితం మీద కొలత మారిస్తే, నిన్న కుట్టేసిన చొక్కా దానంతటదే వదులవుతుందా? మళ్లీ కుట్టాలి కదండీ."

కంపైలర్‌కు మళ్లీ పని చెప్పారు. తలుపు తెరుస్తున్నాను అంది. నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. ఇన్నాళ్లూ అత్తమీద కోపం దుత్తమీద చూపించారని ఒకటే మంట. ఆయనకు నామీద కోపం, ముందే చెప్పొచ్చుగా అని. ముందు అడిగితేగా! భోజనం దగ్గర ఎవరి కంచంలో వాళ్లమే వడ్డించుకున్నాం.

సోమవారం కుంటుకుంటూ వచ్చి నా మిషను పక్కన కూలబడ్డారు. పరీక్ష పెట్టిన ఇంజనీరు ప్రోగ్రాంలో ఒక అంకె తనే మార్చి, నడిపించి, ఫలితం ఎందుకు మారలేదో చెప్పమన్నాడట.

"ఏం చెప్పారు?"

"చొక్కా మళ్లీ కుట్టాలన్నాను. ఆయనకేం అర్థం కాలేదు. అప్పుడు మొత్తం చెప్పా, నువ్వు తిట్టిన తిట్లతో సహా."

ఆఫీసంతా నన్ను గయ్యాళి అనుకోవాలా అని విరుచుకుపడబోయాను. ఆయన సంచిలోంచి నిచ్చెన దిగేటప్పుడు వేసుకునే గుడ్డ చేతితొడుగులు తీసి, నా ముక్కల బుట్టలో పడేశారు.

"మిషను తుడుచుకోవడానికి ఉంచుకో. నాకిక అక్కర్లేదు."

తిట్టబోయినదాన్ని కాస్తా ఏడ్చేశాను.