ఊకలో నూకలు

మొన్న ఏలూరులో షుగరు పరీక్షకి వెళ్తే గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటలు కూర్చోమన్నారు. తాగించే ముందు అక్కడి అమ్మాయి, "రాత్రి నుంచి ఏమీ తినలేదు కదండీ?" అని అడిగింది. లేదన్నాను. మరో మాట లేకుండా రాసేసుకుంది. అంత తేలిగ్గా నమ్మేసరికి నాకు సిగ్గేసింది. పిన్నిగారు గుర్తొచ్చారు.

పిన్నిగారు మాకు బంధువేమీ కారు. వట్లూరు దగ్గర కాలేజీలో నేను ఫార్మసీ పైచదువు చదివేటప్పుడు ప్రయోగాల కోసం పెంచే చుంచెలుకల గది చూసుకునే ఆవిడ. అందరికీ పిన్నిగారే. గణపవరం నుంచి మొదటి బస్సులో వచ్చేవారు. ఆదివారం చర్చి అయ్యాక కూడా వచ్చి ఎలుకలకి నీళ్ళు మార్చి వెళ్ళేవారు. నాకు మొన్న చేసిన పరీక్షే అప్పుడు నేను ఎలుకలకి చేసేదాన్ని. ఆరు గంటలు పస్తుంచి, తోక కొస నుంచి చిన్న రక్తపు బొట్టు తీసి చక్కెర చూడాలి. తర్వాత బరువుకి తగ్గట్టు గ్లూకోజు నీళ్ళు సన్నటి గొట్టంతో పట్టించి, పావుగంటకి, అరగంటకి, గంటకి, రెండు గంటలకి మళ్ళీ చూడాలి. ఎక్కిన చక్కెర ఎంత త్వరగా దిగితే ఒళ్ళు అంత బాగున్నట్టు. నా చేతిలో గింజుకునే ఎలుక ఆవిడ అరచేతిలో బుద్ధిగా కూర్చునేది. "భయపెడితే దానికీ షుగరు పెరిగిపోద్దండి," అనేవారు. పుస్తకంలో ఆ మాట దాకా రావడానికి నాకు నెల పట్టింది.

చిక్కంతా పస్తు దగ్గర వచ్చింది. మేత తీసేసినా కొన్నిటికి చక్కెర అప్పుడే తిన్నవాటిలా ఉండేది. మూడుసార్లు చేసినా అంతే. థీసిస్ గడువు ముంచుకొస్తోంది. పస్తున్న ఎలుకల్ని చూసి "పాపం" అనే మనిషి ఆవిడొక్కరే కనక నేను తీర్పు చెప్పేశాను. "జాలిపడి మేత పెడుతున్నారు మీరు. ఇంకోసారైతే మా గైడు సార్‌కి చెప్తాను," అన్నాను. చెబితే ఆవిడ ఉద్యోగం పోతుందని తెలిసే అన్నాను.

"నేను పెట్టలేదండి," అన్నారు, అంతే.

మర్నాడు చేట పట్టుకుని బస్సు దిగారు. ఎలుకల బోనుల్లో పరుపుగా వేసే ఊక తాడేపల్లిగూడెం మిల్లు నుంచి వచ్చేది. బస్తాలోంచి చేటెడు తీసుకుని వరండాలో కూర్చుని చెరిగారు. ఊక ఎగిరిపోయింది, చేటలో చారెడు నూకలు మిగిలాయి. నేను పస్తు పెట్టాననుకున్న ఎలుకలు పడుకున్నచోటే భోంచేస్తున్నాయన్నమాట. వరిచేల మధ్య పుట్టి పెరిగినదాన్ని, ఆ సంగతి నాకు తట్టనేలేదు. "మేత పెట్టింది నేను కాదండి, మిల్లండి," అని నవ్వారు పిన్నిగారు. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత పరీక్ష ఉన్నప్పుడల్లా ముందురోజే ఆవిడ ఊక చెరిగిపెట్టేవారు. అంకెలు కుదిరాయి. థీసిస్‌లో "చెరిగిన ఊక" అని రెండు మాటలు రాశాను. ఆవిడ పేరు రాయలేదు. తప్పయిందని రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటుండగానే చదువైపోయింది.

మొన్నటి నా రిపోర్టు బాగానే వచ్చింది. ఎక్కిన చక్కెర రెండు గంటల్లో దిగిపోయింది. ఆవిణ్ణి అన్న మాట మాత్రం ఇన్నేళ్ళైనా నా మనసులోంచి దిగలేదు.