బుర్సాలో ఆరు మంచాలు

బుర్సాకు ఎలా వెళ్లాలో, ఎక్కడ దిగాలో, ఏమేం చూడాలో రాసిపెట్టమని చిన్నమామా తన ట్యాబ్ తెచ్చి నా ఒళ్లో పెట్టినప్పుడు నేను పెద్దమామా మోకాళ్లకు నూనె రాస్తున్నాను. చేతులు జిడ్డుగా ఉన్నాయని చూపించాను. తుడుచుకోమంది.

కువైట్‌లో ఇంటి యజమానురాలిని మామా అనాలి. జాబ్రియాలోని ఆ ఇంట్లో తల్లీ కూతుళ్లిద్దరూ ఉన్నారు కాబట్టి పెద్ద, చిన్న అని పనివాళ్లమే పెట్టుకున్నాం. పదకొండేళ్లుగా పెద్దమామాను చూసుకోవడం నా పని. ఇంగ్లీషు చదవగలిగిన మనిషి దొరకడం తన అదృష్టమని చిన్నమామా చుట్టాలందరికీ చెప్పుకుంటుంది. అదృష్టం ఆమెదే. బి.ఏ. చదివిన పుణ్యానికి మందుల చీటీలు, పిల్లల స్కూలు ఉత్తరాలు నా నెత్తిన పడ్డాయి. ఇప్పుడు టర్కీ కూడా.

"ప్రయాణం ఎప్పుడు మామా?"

"జూలైలో."

జూలై నుంచి రెండు నెలలు నాకు సెలవు. మూడేళ్ల తర్వాత వచ్చిన సెలవు, రంజాన్ నెలలో ఆమే ఇచ్చిన మాట. రాయచోటి దగ్గర నేను కట్టించుకున్న రెండు గదుల ఇల్లుంది. కట్టించి ఏడేళ్లయినా అందులో నేను పడుకున్నది నలభై రోజులు ఉంటుందేమో. నాకు ఊరి మీద కంటే నిద్ర మీద బెంగ ఎక్కువ. ఎవరూ పిలవని చోట, రెండు నెలలు, తెల్లారేదాకా పడుకోవాలి. అంతకు మించి నా కోరికల్లో ఏమీ మిగల్లేదు.

"మరి నా సెలవు?"

"నువ్వూ వస్తున్నావు కదా! అక్కడి గాలికే సగం ఆరోగ్యం వస్తుంది. వచ్చాక ఇంటికి వెళ్దువులే."

"వచ్చాక అంటే ఎప్పుడు?"

"వచ్చాక."

వాదించాను. వాదించకుండా నేను ఉప్పు డబ్బా కూడా అందుకోనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే నా వాదనను ఏసీ చప్పుడులా వింటారు. ఆగిపోతేనే గమనిస్తారు.

సరే, రాయడానికి కూర్చున్నాను. మధ్యాహ్నాలు పెద్దమామా కునుకు తీసే గంటలో, వంటింటి బల్ల దగ్గర. పెళ్లైన కొత్తలో భర్తతో కలిసి ఆమె బుర్సా వెళ్లింది. కొండ కింద వేడినీటి ఊటలున్నాయట. ఆ నీళ్లలో దిగితే మోకాళ్లు చెప్పిన మాట వింటాయని ఆమె నమ్మకం. ఒట్టోమన్ సుల్తానుల తొలి రాజధానుల్లో అదొకటని నేను డిగ్రీ పరీక్షలో రాసి వచ్చినదాన్నే. ఎన్ని మార్కులు వచ్చాయో గుర్తులేదు. ఇప్పుడు దాని మెట్లెన్ని, లిఫ్ట్ ఉందా, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా అని వెతుకుతున్నాను. చరిత్రను ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చదవలేదు.

అలా వెతుకుతుంటేనే ఆ ఊళ్లోని ఒక పాత సత్రం బొమ్మ కనిపించింది. రెండంతస్తుల రాతి కట్టడం, నడుమ పెద్ద ముంగిలి, చెట్ల కింద టీ తాగుతున్న జనం. వందల ఏళ్లు అక్కడ పట్టుగూళ్లు అమ్మేవారట. మా ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్లం. నాలుగో జ్వరం లేచాక, అంటే నాలుగోసారి పొర విడిచాక, పురుగులు ఆకు తినే చప్పుడు ఇల్లంతా వాన పడుతున్నట్టు ఉండేది. ఆ వారం రోజులూ ఎవరికీ నిద్ర ఉండేది కాదు. ఆకు కోయడం, తెచ్చి వేయడం, మళ్లీ కోయడం. గూళ్లు కట్టాక గోనెల్లో వేసుకుని మదనపల్లె మార్కెట్‌కు పోతే, అక్కడ కొనేవాడు గూడును చెవి దగ్గర ఆడించి, మా మొహాలు చూడకుండా ధర చెప్పేవాడు. ఆ బుర్సా ముంగిట్లో కూడా ఎవరో ఒక ఆడమనిషి నిద్ర కళ్లతో, గోనెసంచి మీద చేయి వేసి నిలబడే ఉంటుంది. ఆమె నిలబడిన చోటు చూడాలనిపించింది. నిజం చెప్పాలంటే చాలా అనిపించింది.

నాలుగు రోజుల్లో అంతా ఒక కాగితం మీద రాసిపెట్టాను. ఇస్తాంబుల్‌లో దిగడం, అక్కడి నుంచి బండి, చక్రాల కుర్చీ పట్టే బండి, మెట్లు లేని హోటల్, ఏ పూట ఎక్కడికి, ఏ మందు ఎప్పుడు, దగ్గర్లో ఆసుపత్రి. చిన్నమామా తన ఇంటివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ చదివింది. "ముంతాజ్!" అంది, అంటే బ్రహ్మాండం. అక్కడే కూర్చుని బండీ, గదులూ బుక్ చేసేసింది.

ఆ సాయంత్రం కాగితం వంటమనిషికి చదివి వినిపించాను. అమలాపురం వైపు మనిషి, నాకంటే చిన్నది, నోట్లో మాట నిలవదు.

"ఆయ్, మారాణిలా ఎల్లొస్తావన్నమాట," అంది చేపలు కడుగుతూ. "గదులెన్నక్కా?"

"మూడు. మొగుడూ పెళ్లాలకొకటి. పిల్లోళ్లు ముగ్గురికీ ఒకటి. పెద్దమామాకు కింద ఒకటి, దాంట్లో ఒకటే మంచం."

"బండి?"

"ఆరు సీట్లది. ఎనకాల కుర్చీ పెట్టుకోను జాగా ఉండాది."

ఆమె చేప మీద కత్తి ఆపింది. "ఆరుగురూ ఆళ్లే. మరి నువ్వెక్కడ కూకుంటావ్? ఎక్కడ తొంగుంటావ్?"

కాగితం మళ్లీ చూశాను. మొత్తం ఆరు మంచాలు. స్నానం నేను, మాత్రలు నేను, కుర్చీ తోసేది నేను అని ప్రతి పూట కిందా రాసుకున్నాను. నేను ఉండే చోటు ఎక్కడా రాయలేదు. ఎవరో చేసిన అన్యాయమైతే తిట్టి ఊరుకునేదాన్ని. నా చేత్తో నేనే రాశాను.

"నవ్వుతావేంది మే?" అన్నాను.

"నవ్వట్లేదక్కా," అంది. నిజంగానే నవ్వడం లేదు.

మర్నాడు చిన్నమామా పెద్దమామా గదిలోకి వచ్చి, నా వీసాకు ఫొటో తీయించాలి పద అంది. వాళ్లకు వీసా అక్కర్లేదు, నాకు కావాలి. నేను లేవలేదు. ఆ కాగితం ఆమె చేతికిచ్చాను.

"ఇందులో నేనెక్కడున్నానో చూపించండి మామా."

చదివింది. ఇంకోసారి చదివింది. "ఇంత చిన్నదానికా? ఇక్కడ పడుకున్నట్టే పరుపు వేసుకుంటావు."

"బండిలో కూడా పరుపు వేస్తారా?"

"ఇంకో బండి చూద్దాం."

"నేను రాశాను. మీరు లెక్కపెట్టి బాగుందన్నారు. ఇద్దరి లెక్కలోనూ నేను లేను. అంటే నేను మా ఇంటికి పోతున్నట్టే. మీరు మాటిచ్చిన నెల కూడా అదే."

"మరి యుమ్మాకు స్నానం ఎవరు చేయిస్తారు?"

యుమ్మా అంటే అమ్మ. ఆ అమ్మ అంతసేపూ కళ్లు మూసుకునే ఉంది. నిద్రపోతోందనుకున్నాం.

"నిన్ను కడిగి పెంచింది నేనే," అంది కూతురితో, కళ్లు తెరవకుండానే. "నేను ఎవర్నీ పిలవలేదు. ఖలాస్, ఆమెను పంపించు."

చిన్నమామా రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నా టికెట్ ఫోన్‌కు వచ్చింది. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఒక బస్తా దించుకున్నట్టు అనిపించింది, అంతే. ఆ పట్టుగూళ్ల ముంగిలి మీద ఆశ మాత్రం ఇప్పటికీ ఉంది. అయితే చూడటానికి కూడా ఓపిక కావాలి, ఆ ఓపిక నిద్రపోతే గానీ రాదు.

శుక్రవారం, నేను ఉండగానే పని నేర్చుకుందామని, చిన్నమామా గాజులు తీసి గూట్లో పెట్టి, గౌను చేతులు పైకి మడిచి, తల్లిని స్నానాల గదిలోకి తీసుకెళ్లింది. నేను గుమ్మం బయట స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"ముందు కాళ్ల మీద పోయండి, తల మీద కాదు."

"తెలుసు."

వెంటనే పెద్దమామా కేక వినిపించింది. "నీళ్లు కాలిపోతున్నాయి! దీనివి చేతులా, చెక్కలా?"

నా కాళ్లు వాటంతట అవే లేచాయి. మళ్లీ కూర్చున్నాను. లోపల చన్నీళ్ల కుళాయి తిప్పిన చప్పుడైంది. స్టూలు అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, స్నానం అయ్యేదాకా లేవలేదు.